ఛాంబరుకు తుప్పు పడితే ఏం చేయాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, కారు అడుగున ఉండే ఒక రేకు తొట్టి గురించి రాస్తామన్నాం. నవ్వారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లు మెకానిక్ షెడ్డు సంగతులు రాయడమేమిటని ఒక మిత్రుడు అడిగాడు కూడా. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికొచ్చింది మాతోనే మొదలు. అంతకుముందు ఇంటికొచ్చిన చదువంతా బండి చదువే. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో కూర్చుని తుప్పు గురించి సమీకరణాలు రాస్తున్నప్పుడు మాకు గుర్తొచ్చేది మా ప్రాంతపు బాడుగ కార్ల అడుగుభాగాలే. మన హాస్టల్లో చదివి బయటికెళ్లిన వాళ్లలో ఉద్యోగాలు వచ్చినవాళ్లు ఉన్నారు. ఫైనాన్స్ మీద పాత కారో వ్యానో కొనుక్కుని బాడుగలకు తిప్పుకుంటున్నవాళ్లూ తక్కువేం లేరు. వాళ్లకీ, సెలవుల్లో షెడ్డుకు పనికి వెళ్లే తమ్ముళ్లకీ ఈ వ్యాసం పనికొస్తుందని మా నమ్మకం.

ముందు పేరు సంగతి చూద్దాం. పుస్తకాల్లో దీన్ని ఆయిల్ సంప్ అంటారు. మన మేస్త్రీలు ఛాంబర్ అంటారు. సంప్ అనే మాట మనకు కొత్తదేమీ కాదు. మున్సిపాలిటీ నీళ్లు పట్టుకోవడానికి ఇంటి ముందు కట్టుకునే సంపు అదే మాట. పని కూడా ఒకటే. సంపులో నీళ్లుంటాయి, మోటారు వాటిని పైట్యాంకుకు తోడుతుంది, వాడిన నీళ్లు కిందికి పోతాయి. ఇంజనులో వాడిన నూనె మళ్లీ ఛాంబరులోకే వస్తుంది, అంతే తేడా. అడుగున జాలీ తగిలించిన గొట్టం ఒకటి నూనెలో మునిగి ఉంటుంది. ఆయిల్ పంపు దాని ద్వారా నూనెను పీల్చి, ఫిల్టరు దాటించి, క్రాంక్ షాఫ్ట్ బేరింగులకూ పైనున్న వాల్వులకూ పంపిస్తుంది. అక్కడినుంచి నూనె కారుకుంటూ తిరిగి ఛాంబరుకు చేరుతుంది. చిన్న కార్లలో ఈ నూనె సుమారు మూడు లీటర్లు. ఆ మూడు లీటర్లే ఇంజను ప్రాణం. క్రాంక్ షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది, అందులో నూనె పొర ఒత్తిడితో నిలబడి రెండు లోహాలనూ తాకనివ్వకుండా చేస్తుంది. ఆ పొర పోయిందంటే లోహం లోహాన్ని ఒరుసుకుని, కొద్ది నిమిషాల్లోనే బేరింగులు కరిగి ఇంజను పట్టేస్తుంది. దాన్నే మేస్త్రీలు 'సీజయింది' అంటారు. ఆ తర్వాత బండి యజమానికి వినపడేది ఖర్చుల లెక్కే.

కొత్త కార్లలో కొన్నిటికి ఛాంబరు అల్యూమినియం పోతతో చేసినది. దానికి ఎర్రతుప్పు రాదు గానీ రాయి తగిలితే పగులుతుంది. మన వైపు ఇంకా తిరుగుతున్న పాత చిన్న కార్లకూ, వ్యాన్లకూ, జీపులకూ ఎక్కువగా ఉండేది ఉక్కు రేకును అచ్చులో నొక్కి చేసిన ఛాంబరే. అది సొట్ట పడుతుంది కానీ అంత తేలిగ్గా పగలదు. దాని శత్రువు తుప్పు.

లోపలంతా నూనె ఉన్న తొట్టికి తుప్పెలా పడుతుందని అడగవచ్చు. తుప్పు లోపలినుంచి రాదు. లోపల ఎప్పుడూ నూనె పొర ఉంటుంది కాబట్టి నీరూ గాలీ రేకును తాకవు. పాత ఛాంబరును విప్పి చూస్తే బయట చెదపట్టిన దూలంలా పొరలు పొరలుగా ఊడుతున్నా లోపల మెరుస్తూనే ఉంటుంది. మేము సెలవుల్లో వెళ్లే షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఇలా అన్నారు: "సదువుకున్నోలు మీకు తెలీదేటి బాబూ? లోన నూనె కాపలా కాస్తాది. పైన కాపలా ఎవుడు కాస్తాడు?" మా పాఠ్యపుస్తకం రెండు పేజీల్లో చెప్పింది ఆయన రెండు మాటల్లో చెప్పేశారు.

పైన కాపలా కాయాల్సింది రంగు. చక్రాలు ఎగరేసే కంకర తగిలి ఆ రంగు చిన్న చిన్న చుక్కలుగా రాలిపోతుంది. అక్కడ ఇనుము బయటపడుతుంది. తడి తగిలిన ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంటే, ఇంకొకచోట నీటిలో కలిసి ఉన్న ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. అంటే రేకు మీద తడి ఉన్న ప్రతిచోటా ఒక చిన్న బ్యాటరీ పనిచేస్తున్నట్టే. ఆ బ్యాటరీకి ఆహారం మన బండి రేకు. పుట్టిన తుప్పు అసలు ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఉబ్బి పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు ఊడగానే కింద కొత్త ఇనుము బయటపడి కథ మళ్లీ మొదలవుతుంది. అల్యూమినియం మీద పట్టే ఆక్సైడు పొర అలా కాదు, గట్టిగా అతుక్కుని కింది లోహాన్ని కాపాడుతుంది.

ఇక్కడే మన ప్రాంతం సంగతి వస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లే అయినా భోగాపురం, పూసపాటిరేగ మండలాల ఊళ్లకు సముద్రం వాకిట్లోనే ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. గాలికి ఎగిరిన తుంపరలు ఎండి ఆ ఉప్పు రేకుల మీద పేరుకుంటుంది. ఉప్పు మూడు విధాల చెడుపు చేస్తుంది. నీటిలో కరెంటు తేలిగ్గా పారేటట్టు చేసి ఆ చిన్న బ్యాటరీని చురుకు చేస్తుంది. క్లోరైడు ఇనుము మీద ఉన్న పలుచని రక్షణ పొరను చీలుస్తుంది. మూడోది మన అమ్మలందరికీ తెలిసిందే. వానాకాలంలో ఉప్పు జాడీ చెమర్చడం చూడలేదా? గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనే నీరవుతుంది. వాన పడకపోయినా, బండిని నీళ్లలో దించకపోయినా, రాత్రిపూట కళింగపట్నంలోనో భావనపాడులోనో బారువలోనో ఆరుబయట నిలబెట్టిన బండి అడుగు తడిగానే ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల దగ్గర తిరిగే బండ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. చేపల బుట్టలు వేసుకెళ్లే వ్యాన్లకైతే ఉప్పునీరు పైనుంచే కారుతుంది.

బురద ఇంకో దొంగ. మన హాస్టల్లో ట్రంకు పెట్టెలు ఎక్కడ తుప్పు పడతాయో ఒకసారి తిప్పి చూడండి. మూత మీద కాదు, అడుగున, నేలకు ఆనిన అంచుల్లో. గది కడిగిన నీళ్లు ఆ సందులో చేరి ఆరవు. గాలి తక్కువగా ఆడే చోటే ఇనుము ఎక్కువగా కరుగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా రసాయన శాస్త్రం ఇది నిజమని చెబుతుంది. ఆక్సిజన్ ఎక్కువ ఉన్న చోటు ఎలక్ట్రాన్లను అందుకుంటుంది, తక్కువ ఉన్న చోటు వాటిని వదిలి అరిగిపోతుంది. ఛాంబరు మూలల్లో, అంచు మడతలో, డ్రైన్ బోల్టు చుట్టూ పట్టిన బురద ముద్ద కింద జరిగేది అదే. బురద ఆరినట్టే కనిపిస్తుంది, గోకితే లోపల తడి.

మన హాస్టల్ మిత్రుడొకడి నాన్నగారి వ్యాను సంగతి ఇక్కడ చెప్పాలి. గార మండలంలో సముద్రపొడ్డు ఊరు వారిది. చేతులు మారిన పాత వ్యాను, ఇంజను ముందు సీట్ల కింద. తెల్లారుజామున చేపలు, తర్వాత బడిపిల్లలు, సాయంత్రం పెళ్లి బాడుగలు. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. మా మిత్రుడి చెల్లెలి కాలేజీ ఫీజు కూడా ఆ వ్యానులోనుంచే రావాలి. బండి నిలబెట్టిన చోట నూనె మరక కనిపించడం మొదలైంది. ఒకచోట చూపిస్తే ఇంజను మొత్తం దించి పని చేయాలన్నారు. ఇంకొకచోట ఏదో ముద్ద రాసి "ఇక ఫర్వాలేదు" అన్నారు. ముద్ద పదిరోజులు ఆగింది. పదకొండో రోజున మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ లైటు మిణుకుమని ఆరిపోయింది. ఆయన బడిపిల్లలను దించేసి బండిని అక్కడే ఆపేశారు. ఆ పూట బాడుగ పోయింది గానీ ఇంజను దక్కింది.

ఆ లైటు గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. అది నూనె ఎంతుందో చెప్పే లైటు కాదు, నూనె ఒత్తిడి పోయిందని చెప్పే లైటు. నూనె బాగా తగ్గిన బండి మలుపులో ఒరిగితే నూనె ఒక పక్కకు చేరి జాలీ గాలిని పీలుస్తుంది. అప్పుడు లైటు మిణుకుతుంది. అంటే అది మొదటి హెచ్చరిక కాదు, చివరిది. వెలిగిన వెంటనే ఇంజను ఆపాలి. పెట్రోలు బంకు దాకా వెళ్దాం, ఇంటిదాకా వెళ్దాం అనకూడదు. మొదటి హెచ్చరిక గేజి పుల్ల మీద దొరుకుతుంది. బండి చదునైన చోట నిలబెట్టి, ఇంజను ఆపిన కొన్ని నిమిషాలకు పుల్ల తీసి తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. వారానికోసారి ఈ పని చేసే డ్రైవరు మనకు తెలిసిన పదిమందిలో ఇద్దరు కూడా లేరు.

నూనె కారుతున్నదంటే ఛాంబరుకు కన్నం పడిందనే అనుకోనక్కర్లేదు. డ్రైన్ బోల్టు వాషరు అరిగి ఉండవచ్చు. ఛాంబరు ప్యాకింగు గట్టిపడి ఉండవచ్చు. ఫిల్టరు వదులై ఉండవచ్చు. ఇంజను వెనక సీలు పోయి ఉండవచ్చు. అన్నిటికంటే మోసపుచ్చేది పైనున్న ట్యాపెట్ కవరు లీకు. అక్కడ కారిన నూనె ఇంజను పొడవునా పాకి కింద ఛాంబరు అంచునుంచే చుక్క పడుతుంది, నింద మాత్రం ఛాంబరుకు. అందుకే ముందు అడుగంతా డీజిలుతో, తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, బండి కాసేపు నడిపి చూస్తే నూనె మొదట ఎక్కడ తడిపిందో పౌడరే చూపిస్తుంది. ఇంత చవకైన పరీక్ష చేయకుండా ఇంజను దించాలని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దని మా మనవి.

తుప్పు ఎంత లోతుకు పోయిందో తెలుసుకోవడానికి చూపు చాలదు. వైరు బ్రష్షుతో పెచ్చులన్నీ రాల్చి, స్క్రూడ్రైవరు మొనతో మూలల్లో నొక్కి చూడాలి. ఇంటికి వెళ్లి చూద్దాంలే అని దారిలో నొక్కవద్దు, నొక్కినచోట కన్నం పడితే అక్కడే ఆగిపోవలసి వస్తుంది. కొత్త ఛాంబరు దొరికే ఊళ్లో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అది పైతుప్పు. గీకి, ఆరబెట్టి, రెడ్ ఆక్సైడు ప్రైమరు, దానిమీద నల్లరంగు రెండు పూతలు వేస్తే కొన్నేళ్లు నిశ్చింత. తుప్పు మీదే రంగు వేస్తే ఆ రంగు తుప్పుతో పాటే ఊడుతుంది. ఫాస్ఫారికామ్లం ఉన్న ద్రావణాలు బజారులో దొరుకుతాయి. అవి మిగిలిన పలుచని తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి రంగుకు పట్టు ఇస్తాయి. పెచ్చులు రాల్చకుండా వాటిని పూస్తే ఉపయోగం లేదు.

కన్నం పడితే మూడు దారులు. ముద్ద పెట్టడం ఒకటి. ఎమ్‌సీల్ వంటివి రెండు ముద్దలు కలిపితే గట్టిపడే ఎపాక్సీలు. శుభ్రమైన, పొడి లోహానికి అవి బాగా పట్టుకుంటాయి. కానీ కారుతున్న కన్నం చుట్టూ శుభ్రమైన పొడి లోహం ఎక్కడుంది? నూనె వేడి 100 డిగ్రీల దాకా పోతుంది, ఇంజను అదురుతుంది, చుట్టూ ఉన్న రేకు ఇంకా అరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముద్ద అనేది దారిలో చిక్కుకున్నవాడు ఊరు చేరడానికే. ముద్ద పెట్టి పిల్లలను ఎక్కించుకోవడం మాకు సమ్మతం కాదు.

రెండోది అతుకు. గ్యాసు వెల్డింగో, ఇత్తడి పోతో. రాయి తగిలి చిరిగిన మంచి రేకుకు ఇది సరైన పని. తుప్పు తిన్న రేకుకు కాదు. మంట తగలగానే పలుచని అంచు కరిగి చిన్న కన్నం పెద్దదవుతుంది. ఇత్తడి పోత పట్టినా, ఉప్పుగాలిలో ఇత్తడిని ఆనుకున్న ఇనుము ముందుకంటే త్వరగా తుప్పు పడుతుంది, రంగు బాగా వేస్తే తప్ప. బండికి ఉన్న ఛాంబరును ఉన్నచోటే వెల్డింగు చేయడం మాత్రం ప్రాణాలతో ఆట. ఇంజను లోపలంతా నూనె ఆవిరి నిండి ఉంటుంది, అది అంటుకుని పేలవచ్చు. ఛాంబరును విప్పి, సోడా కలిపిన వేడినీళ్లతో జిడ్డంతా పోయేలా కడిగి, ఆరిన తర్వాతే మంట చూపించాలి.

మూడో దారి మార్చడం. తుప్పుకు అసలు మందు ఇదే. కొత్తది దొరకకపోతే పాతసామాన్ల కొట్లో దొరుకుతుంది. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరులో రాయపూర్ ఘాట్ రోడ్డు బండ్ల పని చేసే షెడ్లలో పాత ఛాంబరును ఎంచే పద్ధతి మాకు నచ్చింది. తొట్టిలో కిరసనాయిలు పోసి పాత పేపరు మీద పెట్టి వదిలేస్తారు. కిరసనాయిలు నూనెకంటే పలచన, కంటికి కనిపించని సందులోనుంచీ దిగుతుంది. గంట తర్వాత పేపరు మీద మచ్చ లేకపోతే తీసుకోవచ్చు.

మార్చేటప్పుడు అన్నిటికంటే ముఖ్యం బండి కింద దూరే మనిషి. జాకీ ఒక్కదాన్నీ నమ్మి బండి కిందికి వెళ్లకూడదు. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. గట్టి నేల మీద నిలబెట్టి, నేల మీదున్న చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, ఇనుప స్టాండ్ల మీద దించి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడు దూరాలి. ఇటుకలు పేర్చడం అసలు పనికిరాదు, ఇటుక చెప్పకుండా చిట్లుతుంది. షెడ్డులో పనికి చేరిన తమ్ముళ్లను చిన్నవాళ్లని కిందికి దూరమంటారు. స్టాండు లేనిదే దూరమని చెప్పండి. మాట పడినా ఫర్వాలేదు.

ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె దించితే మడ్డితో సహా దిగుతుంది. తర్వాత ఛాంబరు చుట్టూ ఉన్న బోల్టులు. ఇవి సాధారణంగా 10 నంబరు స్పానరు పట్టే చిన్న బోల్టులు. తుప్పు పట్టిన వాటికి ముందురోజే పలుచని నూనె పెట్టి నానబెట్టాలి, లేకపోతే తల తెగి మొండెం ఇంజనులో ఉండిపోతుంది. కొన్ని బండ్లకు సైలెన్సరు గొట్టమో అడ్డదూలమో తీస్తేగానీ ఛాంబరు కిందికి రాదు. దిగాక పాత ప్యాకింగును పూర్తిగా గీకాలి. గీకిన పొట్టు పైకి ఇంజనులో పడకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. జాలీని తప్పకుండా కడగాలి. పాత ఛాంబరు తిరిగి వాడుతుంటే బోల్టు కన్నాల దగ్గర రేకు పైకి ఉబ్బి ఉంటుంది, చెక్క మీద పెట్టి సుత్తితో చదును చేయాలి. ఈ పని మానేస్తే ఎంత మంచి ప్యాకింగు వేసినా కారుతుంది.

ప్యాకింగు కార్కుదైనా, ట్యూబులో వచ్చే సిలికాన్ అయినా, ఆ బండికి ఏది చెబితే అదే. సిలికాన్ ఎక్కువ పూస్తే మంచిదనుకుంటారు, పొరపాటు. బయటికి పొంగింది కనిపిస్తుంది, లోపలికి పొంగింది కనిపించదు. అది ఊడి జాలీకి అడ్డం పడితే ఛాంబరు నిండా నూనె ఉండగానే ఇంజను నూనె లేక సీజవుతుంది. సన్నని గీతలా, బోల్టు కన్నాలకు లోపలి వైపుగా వేస్తే చాలు. బోల్టులన్నీ చేత్తో పట్టించాక, మధ్యనుంచి అంచులకు, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఈ చిన్న బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల దగ్గర బిగువు సరిపోతుంది. పొడవాటి స్పానరు చివర పట్టుకుని మీద పడి బిగిస్తే కార్కు నలిగి చీలుతుంది, మరలు అరుగుతాయి. సిలికాన్ గట్టిపడటానికి ట్యూబు మీద రాసినంత సేపు ఆగాలి. యజమాని తొందరపెడతాడు. ఆగాలి.

దించిన పాత నూనెను కాలువలో పోయవద్దు. తలుపులకు చెదపట్టకుండా పూయడానికి తీసుకెళ్లేవాళ్లున్నారు. వాడిన ఇంజను నూనెలో క్యాన్సరు కారకాలు ఉంటాయి కాబట్టి చేతులకు, ఇంటికి దూరంగా ఉంచడమే మేలు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రాలకే చేర్చాలి, పెద్ద షెడ్లు పోగుచేసి ఇస్తాయి. చేతులు పెట్రోలుతో కాకుండా సబ్బుపొడితో కడుక్కోండి.

మిత్రుడి నాన్నగారి వ్యానుకు చివరికి ఛాంబరే మార్చారు. ఇంజను దించలేదు. జాలీలో పాత ముద్ద తునకలు రెండు దొరికాయి, లోపలికి ఊడిపడినవి. ఇప్పుడాయన చేపల బుట్టల కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరుస్తున్నారు. ఆదివారం ఆదివారం అడుగును మంచినీళ్లతో కడుగుతున్నారు. నూతి నీళ్లు వాడేవాళ్లు ఒకటి చూసుకోవాలి, సముద్రపొడ్డు ఊళ్లలో కొన్ని నూతులు ఉప్పగా ఉంటాయి, వాటితో కడగడం కంటే కడగకపోవడమే నయం. అడుగున రాళ్లు తగలకుండా ఇనుప పళ్లెం బిగించుకున్నవాళ్లు దాన్ని ఏడాదికి రెండుసార్లయినా విప్పి లోపలి బురద తీయాలి. రాయినుంచి కాపాడే ఆ పళ్లెమే బురదను ఛాంబరుకు ఆనించి పట్టుకుంటుంది.

ఛాంబరు మార్చిన బండిని మొదట నూనె పోసి, స్టార్టు చేసి, ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరిందో లేదో చూడండి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే ఇంజను వేడెక్కేదాకా వదిలి, ఆపి, గేజి చూసి, తక్కువైనంత పోయండి. రాత్రికి అడుగున ఒక అట్ట ముక్క పరిచి ఉంచండి, పొద్దున తీసి చూడండి.